తొలుత కప్పుకున్నవాళ్లదే

దయచేసి వినండి, అని మైకులోని ఆడగొంతు మళ్లీ మొదలుపెట్టింది. మల్లీశ్వరి వినలేదు. వినడానికి కొత్తగా ఏముంది, సికింద్రాబాదు నుంచి రావలసిన బండి పొగమంచు వల్ల ఆలస్యం, ఎంత ఆలస్యమో ఆ గొంతుకూ తెలియదు, ఆలేరు స్టేషన్లో ఈ సిమెంటు బెంచీ మీద ఒళ్లో సంచి పెట్టుకొని కూర్చున్న తనకూ తెలియదు. పుష్యమాసపు చలి సిమెంటులోంచి చీరలోకి, చీరలోంచి ఎముకల్లోకి ఎక్కుతోంది. తెల్లారిందన్న మాటేగానీ పట్టాల అవతల చింతచెట్లు ఇంకా కనబడడం లేదు. భుజాల మీదున్నది శాలువా, అట్లాంటిట్లాంటి శాలువా కాదు, ఉపాధ్యాయ దినోత్సవం నాడు మండలాఫీసులో పెద్దల చేతుల మీదుగా కప్పిన సన్మానం శాలువా. జరీ అంచు, నడుమ నెమళ్లు, ఉన్ని అన్నది మాత్రం వెతికినా దొరకదు. స్వెట్టరు తొడుక్కోవే అని అవ్వ మొత్తుకున్నా వినకుండా దీన్నే కప్పుకొని వచ్చింది. ఎందుకంటే బండి దిగగానే నీమా చూడాలి. చూసి ఏం చేయాలట? ఏమీ చేయనక్కరలేదు, చూస్తే చాలు. ఈ ఊళ్లల్లో నాకూ ఎవరో ఒకరు ఏదో ఒకటి కప్పారని తెలిస్తే చాలు. ముప్పై నాలుగేళ్ల ఆడది, బీఎడ్ చదివిన ఆడది, కొడుకును గురుకులంలో చేర్చిన ఆడది ఇట్లా చిన్నపిల్లలా ఆలోచిస్తుందా అంటే, ఆలోచిస్తుంది, ఇదిగో కూర్చొని ఆలోచిస్తూనే ఉంది.

ఒళ్లోని సంచిలో ఉన్నది ఇంకో కప్పుడుబట్ట. అది నీమాకు. కొత్త గొంగడి, మొన్ననే మగ్గం దిగింది, ఇంకా చింతగింజల గంజి వాసన పోలేదు. అవ్వ గుర్వమ్మ దసరా నుంచి అరుగు మీద కూర్చొని నల్ల ఉన్ని వడికింది, కళ్లు సరిగా ఆనకపోయినా వేళ్లతోనే చూసుకుంటూ వడికింది. ఎవరికి అవ్వా అంటే చెప్పలేదు. ఎవరికో అనుకున్నట్టు నటించింది మల్లీశ్వరి, లోపల మాత్రం ఇంకో లెక్క వేసుకుంది. తమ్ముడు సైదులు గొంగడి ఇంకా గట్టిగానే ఉంది, వాడికి కాదు. ఇంట్లో ఇంకెవరున్నారు? ఇన్నేళ్ల తర్వాత ముసలిదానికి బుద్ధి పుట్టిందేమో, మనుమరాలు కూడా మనిషేనని గుర్తొచ్చిందేమో అనుకుంది. తీరా నిన్న పొద్దుమూకే వేళ మడత పెట్టి చేతికిచ్చి అవ్వ అన్న మాట ఏమిటి? "నీమా బండి దిగంగనే కప్పు బిడ్డా, పాపం ఆ పోరికి మన చలి అలవాటు లేదు." పాపమట. పోరి అట. మన చలి అలవాటున్నవాళ్లకు చలి పెట్టదు కాబోలు.

నీమా టాంజానియా పిల్ల. హైదరాబాదులో ఒక కాలేజీలో ఎంబీఏ చదవడానికి వచ్చింది. పోయిన ఏడాదికి ముందటి ఏడు, పల్లెటూరి సంతల మీద ఏదో ప్రాజెక్టు రాయాలని మోత్కూరు అంగడికి వచ్చి, గొర్రెల బేరాలు చూస్తూ చూస్తూ, గొర్రెల వెంట నడిచి నడిచి వీళ్ల ఊరికి వచ్చిపడింది. హాస్టల్లో వంట చేసే దేవరకొండ ఆమె దగ్గర తెలుగు నేర్చుకుందట, అందుకని నోరు తెరిస్తే అచ్చం ఇక్కడి మాటే వస్తుంది, కాకపోతే ఎక్కడ విరవాలో తెలియక పదాలను నడిమిట్లో విరుస్తుంది. ఆ విరుపుకే ఊరు ఊరంతా పడి చచ్చింది. తిన్నవా అవ్వా, అంటుంది. గట్లనా పెద్దనాయినా, అంటుంది. ఇంతే, పళ్లు లేని నోళ్లన్నీ నవ్వులు. ఇవే మాటలు పుట్టిన నాటి నుంచీ మాట్లాడుతున్న మల్లీశ్వరిని చూసి ఎవరైనా ఎప్పుడైనా నవ్వారా? పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు, మరి ఈ పుల్లకూర సముద్రం దాటి వచ్చిందాయె, రుచికి హద్దేముంటుంది.

కురుమ సంఘం రేకుల షెడ్డులో సాయంత్రం బడి పెట్టింది మల్లీశ్వరి. నీమా కాదు, మల్లీశ్వరి. విద్యా వాలంటీరు కొలువు ఉన్నప్పుడూ పెట్టింది, ఊడినప్పుడూ పెట్టింది. సర్కారు గొర్రెలు పంచిన ఏడాది మందలు పెరిగి, మందలతో పాటు వెంట పోయే పిల్లలూ పెరిగితే, ఒక్కొక్క గడపా ఎక్కి దిగింది. వరికోతలయి, చలి ముదిరాక మందలు దక్షిణానికి కదులుతాయి. నల్లగొండ మీదుగా, దేవరకొండ మీదుగా, డిండి దాటి అమ్రాబాదు అడవి అంచుల దాకా పోతాయి, తొలకరికి గానీ రావు. వాటి వెంట గొర్రెపిల్లలతో పాటు మనిషి పిల్లలూ పోతారు. రెండో ఎక్కం దాకా వచ్చిన పిల్ల తిరిగొచ్చేసరికి అ ఆ లు కూడా మరిచి వస్తుంది. ఏటా మంద కదిలే పొద్దు మల్లీశ్వరి దారికి అడ్డంగా నిలబడి బతిమాలేది, పిల్లలను వదిలిపెట్టి పొండయ్యా, నేను చూసుకుంటా, మా ఇంట్లో పండబెట్టుకుంటా అని. బీరయ్య పెద్దనాయిన, మందలన్నిటికీ పెద్ద, మీసం కింద నవ్వుకుంటూ పక్కకు తప్పుకొని పోయేవాడు. "నీది మంచి మనసే బిడ్డా, గని చిన్న గొర్రెపిల్లలను ఎత్తుకునేటోళ్లు ఎవలు?" అనేవాడు. ఏళ్లకేళ్లు అదే దారి, అదే బతిమాలడం, అదే నవ్వు.

మరి ఆ పిల్ల వచ్చి ఏం చేసింది? ఏమీ చేయలేదు, ఒక్క ప్రశ్న అడిగింది. అదే కాలుతుంది, అక్కడే కాలుతుంది. మంద రాత్రికి ఎవరి పొలంలో ఆగుతుందో బీరయ్య బేరం మాట్లాడుతున్నాడు, ఇద్దరు రైతులు నా పొలంలో ఆపు అంటే నా పొలంలో ఆపు అని గుంజుకుంటున్నారు, ఎందుకంటే మంద ఒక్క రాత్రి పడుకున్న పొలం చెక్కకు ఆ ఏడు ఎరువు కొననక్కరలేదు. నీమా పక్కన నిలబడి వింది. విని, "వీళ్లకు మంద గింత కావాల్నా? అయితే వడ్లు ఒక్కటే ఎందుకు అడుగుతున్నరు? దీపం ఉన్న జాగా అడుగుండ్రి. సదువచ్చిన మనిషిని ఒక్క గంట అడుగుండ్రి. పిల్లలు ఆడ కూసుంటరు" అంది. బీరయ్య తలపాగా తీసి మళ్లీ చుట్టుకున్నాడు. మంద కావాలంటే బడి ఇయ్యాలె, అంతే. ఎంత చిన్న మాట! గొర్రెలు ఉన్న ఇంట్లో పుట్టి, పొలాల్లో మంద ఆగడం కడుపులో ఉన్నప్పటి నుంచీ చూస్తున్న మల్లీశ్వరికి ఆ మాట తట్టలేదు. ఆమె దయ అడిగింది, ఆ పిల్ల ధర అడిగింది. దయకు నవ్విన మీసం ధరకు తల ఊపింది. ఆ రాత్రి మల్లీశ్వరి ఇంటికి పోయి అన్నం వడ్డించుకొని ముట్టకుండానే విస్తరి ముందు నుంచి లేచిపోయింది. పిల్లలకు మంచి జరిగిందని సంతోషపడాల్సిన మనిషి, పడింది కూడా, పడలేదని ఎట్లా అంటాం, సంతోషం కింద మంట, మంట మీద సంతోషం, కుంపటి మీద పాలు పెట్టినట్టు.

తర్వాత కెమెరా వచ్చింది. ఏదో చానలువాళ్లు, బడి నడిచే మంద అని పేరు పెట్టి తీస్తామన్నారు. షెడ్డు ముందు పిల్లలు, నడుమ నీమా, నీమా పక్కన మల్లీశ్వరి కొత్త చీర కట్టుకొని, తలలో కనకాంబరాలు పెట్టుకొని. కెమెరా పట్టుకున్న పిలగాడు ఒక కన్ను మూసి, "మేడమ్, మీరు జర పక్కకు జరుగుండ్రి, ఫ్రేముల వస్తున్నరు" అన్నాడు. జరిగింది. జర అంటే ఎంత? రేకుల షెడ్డు దాటి, నీళ్ల తొట్టి దాటి, పిండి ఇసిరే ఇసిరాయి దగ్గర దాకా జరిగింది. నీమా చెయ్యి ఊపి పిలిచింది, అక్కా రా, అక్కా రా అని. పిలిస్తే పోకూడదని పంతం, పిలవకపోతే ఏడుపు. అవతల షెడ్డు గోడ మీద పిల్లలు సుద్దతో పెద్దపెద్ద అక్షరాలు రాశారు, నీమా బడి అని. ఆ అక్షరాలు దిద్దబెట్టింది ఎవరు? డ కు పొట్ట ఎక్కడ తిప్పాలో చేయి పట్టి నేర్పింది ఎవరు? తన సొంత తమ్ముడి బిడ్డ వర్షిత రాసింది ఆ డ ను, పొట్ట చక్కగా తిప్పి రాసింది.

"టీచరమ్మా, చాయ్ తాగుతవా?" అంటూ వచ్చాడు ఇస్రాయేలు, స్టేషన్లో చాయ్ అమ్మేవాడు, శనివారం శనివారం నీమా కోసం వచ్చి ఈ బెంచీ మీద కూర్చునే ఈమెను చూసేవాడే. వద్దంది. వద్దన్నాక పోవచ్చు కదా, పోడు. "మీ ఫారిన్ మేడమ్ ఇయ్యాల రాదా? మొన్న మా పోరడు ఫోన్ల సూపిచ్చిండు, మస్తు మాట్లాడింది. మన గొర్లోళ్ల పిల్లలకోసం గంత దూరంకెల్లి వచ్చి చేస్తున్నదంటే, మనోళ్లు ఒక్కరన్న చేసిన్రా చెప్పు?" అన్నాడు. చెప్పు అంటే ఏం చెప్పాలి? నోరు తెరిస్తే ఏడుపో తిట్టో వస్తుందని, "చేయలే" అంది. వాడు తల ఊపుకుంటూ పోయాడు. పుండు మీద కారం చల్లేవాళ్లకు అది కారమని కూడా తెలియదు, పాపం.

చలి. వేళ్ల కొసలు తెలియడం లేదు. సంచిలో చేతులు పెట్టింది, వెచ్చదనం కోసమే. గొంగడి గరుకుగా తగిలింది, తగలగానే బాపు తగిలాడు. ఈ గరుకు బాపుదే. తొమ్మిదో పదో ఏట, ఇట్లాంటి పొద్దే, సైదులుకు తొలి గొంగడి కప్పారు. ఇంట్లో ఒక ఆనవాయితీ, కొత్త గొంగడి మందతో తొలిసారి కదిలే మనిషికి కప్పుతారు. సైదులు తనకన్నా చిన్నోడు, ముక్కు కారుతూ ఉంటుంది, గొంగట్లో మునిగిపోయి తల ఒక్కటే బయట పెట్టి యువరాజులా చూశాడు. నాకేది బాపూ అని కాళ్లు నేలకేసి కొట్టింది. బాపు నవ్వి, "నీకు పలక ఉన్నది కదనే పిచ్చిదానా, పలకున్నోళ్లకు గొంగడెందుకు?" అన్నాడు. పలక ఇచ్చినందుకు బాపుకు జీవితమంతా దండం పెట్టింది, గొంగడి ఇవ్వనందుకు జీవితమంతా గింజుకుంది. ఆ రాత్రి సైదులు దాని మీద కూర్చోబెట్టుకొని జొన్నరొట్టె పెడితే, గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు, ఇది గుచ్చుతుంది, ఇది కంపు, ఇది నల్లగుంది అని వంకలు పెట్టింది. వాడు ఏం తక్కువ తిన్నాడా, పొద్దున లేచేసరికి ఆమె పలకకు నిలువునా పగులు. ఎవరు పగలగొట్టారో ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ చెప్పుకోలేదు.

ఆ పలక మీదే నడిచి భువనగిరి కాలేజీ దాకా పోయింది. అక్కడ పక్క బెంచీ పిల్లలు ముక్కు మూసుకొనేవారు, అబ్బా గొర్రెల వాసన అని. పొద్దునా సాయంత్రం తల స్నానం చేసింది, సున్నిపిండి రుద్దింది, సెంటు కొట్టింది. వాసన పోయిందో లేదో గానీ పోవాలన్న కసి మాత్రం పోలేదు. అందుకే కదా ఆ రోజు నోరు మూసుకొని కూర్చుంది. ఏ రోజు? షెడ్డులో బీరయ్య అందరినీ కూర్చోబెట్టిన రోజు. పోయిన ఏడు ఒక్క మందతో బడిని నడిపి చూశారు. మొదట్లో రైతులు దీపమూ ఇచ్చారు, కోడలినో కొడుకునో కూర్చోబెట్టారు కూడా. దేవరకొండ దాటాక మెల్లమెల్లగా, ఇవాళ కరెంటు లేదు, మా పోరికి పరీక్షలు, రేపు చూద్దాం లే. వెంట నిలబడి అడిగే మనిషి లేక డిండి చేరేసరికి బడి ఇంకిపోయింది. ఈ ఏడు అన్ని మందలూ కలిసి పోతున్నాయి, పిల్లలు షెడ్డు పట్టనంత మంది. బీరయ్య అన్నాడు, "మంద ఎనుక నడిచేటోళ్లు ఒకలు కావాలె. బడి పెట్టని రైతు పొలంల మంద ఆగదు అని చెప్పేటోళ్లు. సదువు తెల్వాలె, గొర్లు తెల్వాలె. ఎవలు పోతరు?" సదువు తెలిసి గొర్రెలు తెలిసిన మనిషి ఆ షెడ్డులో ఒక్కతే ఉంది, ఆమె కాలి బొటనవేలుతో నేల మీద సున్నా గీస్తోంది. భర్త బోరుబండి మీద నెలలో సగం బయటే, కొడుకు హాస్టల్లో, అడ్డమేమీ లేదు. అడ్డం ఒక్కటే, మళ్లీ ఆ వాసనలోకి పోవడం. బీఎడ్ చదివి గొర్రెల తోకలు పట్టుకొని తిరుగుతుందట అంటారు. అప్పుడు నీమా, "నేను పోత" అంది. పరీక్షలయిపోయాయి, ఉగాది దాకా ఉండి పోతా అంది. గొర్రె దగ్గరకొస్తే అరిచే పిల్ల! పొట్టేలు ఒక్కసారి పొడిస్తే ఊరంతా ఉరికొచ్చి నీళ్లు తాగించిన పిల్ల! చప్పట్లు కొట్టారు. అవ్వ కళ్లు తుడుచుకుంది. ఉగాది తర్వాత బడి గతేమిటి అని ఎవరూ అడగలేదు, మల్లీశ్వరి కూడా అడగలేదు. ఉగాదికి ఈ పిల్ల విమానం ఎక్కుతుంది, ఎండలు ముదురుతాయి, పిల్లలు డిండి అవతల రాళ్లల్లో ఉంటారు, అప్పుడు? అప్పుడు మళ్లీ అ ఆ లు. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా మల్లీశ్వరి దాన్ని కాలితో తన్నేసి, చప్పట్లనే మళ్లీ మళ్లీ వినేది.

ఇంతకీ ఇదెంత వెచ్చగా ఉంది. చేతులు సంచిలోంచి రావడం లేదు. కాస్త బయటికి తీసి ఒళ్లో పరుచుకుంటే ఎవరేమంటారు? తీసింది. ఒళ్లో పరుచుకుంది. నల్లగా, బరువుగా, పెంపుడు జంతువులా ఒళ్లో పడుకుంది. అంచుకు అవ్వ సన్నటి తెల్లపోగు వేయించింది, సైదులు గొంగడికి కూడా లేదు ఈ పోగు. ఎంత ప్రేమో! కాలిలో పల్లేరుకాయ గుచ్చుకుంటే నీమా పాదం ఒళ్లో పెట్టుకొని ఆముదం రాసిన అవ్వ, నా కాలు ఏనాడైనా పట్టుకుందా, నీ కాళ్లకేమే చెప్పులున్నయి కదా అంది. ముసలిదాన్ని అడగాలి ఒకసారి, నేను ఎవరినే నీకు అని. శాలువా జారిపోతోంది, ఈ జరీ నిలవదు. గొంగడి ఒక మూల భుజం మీదికి లాక్కుంది, ఒక్క భుజం మీదికే. కప్పుకోకూడదు, తెలుసు. చిన్నమామ సంగతి ఎవరికి తెలియదు? కల్లు తాగొచ్చి, సైదులు కోసం దాచిన గొంగడిని వేళాకోళానికి చుట్టుకొని చిందులు వేస్తే, అవ్వ చీపురు పట్టుకొని మందతో తోలేసింది కదా. కొత్త గొంగడి తొలుత కప్పుకున్నవాళ్లదే, వాళ్ల వాసన పడుతుంది, గొర్రెలకు ఆ వాసన తెలుస్తుంది, వాళ్లే నడవాలి అని. చిన్నమామ మత్తు దిగేసరికి నల్లగొండ దాటాడు, తొలకరికి చిక్కిపోయి వచ్చాడు, సైదులుకు ఇంకోటి నేశారు. తెలుసు, అన్నీ తెలుసు. కానీ ఇక్కడ చూసేదెవరు? పొగమంచు. తర్వాత మళ్లీ మడత పెట్టేస్తే గొర్రెలు వచ్చి సాక్ష్యం చెబుతాయా? నాదేమీ కానప్పుడు, దీని వెచ్చదనం బండి వచ్చేదాకా అయినా నాది కాకూడదా? రెండో భుజం మీదికి లాక్కుంది. తల మీదుగా మడిచి కొప్పెర పెట్టుకుంది. ఇదే వాసన. కాలేజీలో కడుక్కున్న వాసన, సున్నిపిండితో రుద్దుకున్న వాసన, బాపు చంక కింద పడుకున్నప్పటి వాసన. కళ్లు మూసుకుంది. గుచ్చుతోంది, అబ్బ, ఎంత గుచ్చుతోంది, ఎంత బాగుంది. కన్నీళ్లు వచ్చాయి, గొంగడితోనే తుడుచుకుంది.

"ఎవ్వల మంద బిడ్డా?"

కళ్లు తెరిస్తే ఎదురుగా ఒక ముసలాయన, భుజాన పాత గొంగడి, చేతిలో కర్ర, జనగామ దిక్కు పోయే బండికోసం కాబోలు. మల్లీశ్వరి కొప్పెర కాస్త వెనక్కి జరిపింది. "మోత్కూరు దిక్కు. బీరయ్య మంద" అంది.

"ఎందాక?"

నాది కాదు తాతా, ఇంకొకరిది, పట్టుకొచ్చిన అనాలి. అంత సులువు మాట. "అమ్రాబాదు దాకా" అంది. ఎవరు చెప్పారా మాట? తన గొంతే.

"ఆడోళ్లు పోవుడు తక్కువ. మంచిదే" అన్నాడు ముసలాయన, అంచును వేళ్లతో నలిపి చూస్తూ. "డిండి దాటినంక అంత రాళ్ల నేల. గీ చెప్పులు ఆగయి, గట్టియి కొనుక్కో. కొత్తది కదా, మంచిగ నేసిన్రు. ఇగ నీ వాసన పట్టింది, గొర్లు నీ ఎంబడే వస్తయి పో" అని కర్ర ఊతంగా అవతలికి నడిచాడు. చూసేదెవరు అనుకుంది, చూసినవాడు కురుమే దొరికాడు. విప్పేయాలి, ఇప్పుడే విప్పేయాలి, మడత పెట్టి సంచిలో వేసి ఏమీ ఎరగనట్టు కూర్చోవాలి. మంచులో దీపం ఒకటి కనబడింది, పట్టాలు మోగాయి. చేతులు కదల్లేదు. దయచేసి వినండి, అంది మైకు.

బండి ఆగింది. నీమా దిగింది, వీపు మీద పెద్ద సంచి, కాళ్లకు కొత్త బూట్లు, గొర్రెలకు భయపడుతూనే అడవి దాకా పోదామని కొనుక్కున్న బూట్లు, చెవుల దాకా ఊలు టోపీ. అక్కా అని నవ్వుతూ వచ్చింది, దగ్గరికొచ్చేసరికి నవ్వు నడిమిట్లో ఆగింది.

"అవ్వ నాకోసం నేయించింది గిదేనా?"

"గిదే."

"నువ్వు కప్పుకున్నవు."

"చలి పెట్టింది."

నీమా ఆ తెల్లపోగు వంక చూసింది. ఆ కథ అవ్వ ఆమెకు చెప్పకుండా ఉంటుందా, చిన్నమామతో సహా చెప్పే ఉంటుంది. "తొలుత కప్పుకున్నోళ్లదట కదా అక్కా," అంది మెల్లగా, "నేను పోయిన శనివారం దాన్ని మగ్గం మీద చూసిన. నాది అనుకున్న." కింది పెదవి కాస్త ముందుకొచ్చింది, కళ్లు తెల్లపోగు మీద నుంచి కదలడం లేదు. ఆ చూపు మల్లీశ్వరికి తెలుసు. రేకుల షెడ్డు దాటి ఇసిరాయి దగ్గర నిలబడి కెమెరా వంక చూసిన చూపు అది, పలక చేత పట్టుకొని సైదులు వంక చూసిన చూపు అది. తన ముఖం మీద తప్ప ఇంకెవరి ముఖం మీదా ఉండదనుకున్న చూపు, అంత దూరపు దేశపు పిల్ల ముఖం మీద! లోపల ఏదో తియ్యగా పొంగింది. సిగ్గులేని సంతోషం, దాచుకోలేని సంతోషం. ఆ సంతోషం ఉంచుకోవాలంటే గొంగడి ఉంచుకోవాలి, గొంగడి ఉంచుకోవాలంటే నడవాలి. డిండి దాకా, రాళ్ల నేల దాకా, ఉగాది దాటి తొలకరి దాకా. లెక్క అంతే, బీరయ్య బేరంలా అంతే. దయతో కానిది ఇట్లా అయింది.

"నేనే పోత" అంది మల్లీశ్వరి. "నువ్వు ఉగాదికి మీ దేశం పోతవు. నేనైతే తొలకరి దాక ఉంట. బడి పెట్టని రైతు పొలంల మందను ఆగనియ్య. నువ్వు రా, దేవరకొండ దాక రా, రైతులతోని బేరం ఎట్ల మాట్లాడాల్నో నాకు చెప్పు. ఆడికెల్లి నాది."

"ఆ రోజు షెడ్డుల బీరయ్య పెద్దనాయిన అడిగినప్పుడు నేను నీ దిక్కే చూసిన అక్కా. శానసేపు చూసిన. నువ్వు కింద సున్నా గీసుకుంట కూసున్నవు. నువ్వు అంటలేవని నేనన్న."

ఇదీ ముందే చూసిందన్నమాట! సున్నా కూడా చూసింది. మల్లీశ్వరికి మళ్లీ భగ్గుమంది, చూడనిదంటూ ఏదైనా వదిలిపెడుతుందా ఈ పిల్ల అని. అయినా ఏం పర్వాలేదు, చూసినా నడవలేదు కదా, నడిచేది తను. నీమా వీపు మీది సంచి అందుకొని స్టేషను బయటికి దారితీసింది. ఇస్రాయేలు కెటిలు ఎత్తిపట్టుకొని నోరు తెరుచుకొని చూశాడు. చూడనీ, ఆ ఫోను చూసిన కళ్లతోనే దీన్నీ చూడనీ. చింతచెట్ల కింద పెట్టిన తన స్కూటీ సీటు మంచుకు తడిసి ఉంది. నీమా వెనక ఎక్కి కూర్చుంది, కూర్చోగానే పళ్లు టకటకలాడాయి. మోత్కూరు దాకా ఈ గాలిలో పోవాలి, గొంగడి ఒకరికే సరిపోతుంది. మల్లీశ్వరి గొంగడి మీద చెయ్యి వేసింది, తీయలేదు. లోపల నలిగి జారిపోతున్న జరీ శాలువాను లాగి, దులిపి, వెనక్కి తిరిగి నీమా భుజాల చుట్టూ తిప్పి మెడ దగ్గర ముడి వేసింది.

"కప్పుకో. సన్మానం శాలువా. చలికి ఆగదు గని, ఫోటోల మంచిగ పడ్తది."